గుర్తులేని మధ్యాహ్నం

"ఆ కాగితం ఎక్కడ పెట్టావో చెప్తావా, చెప్పవా?"

అమ్మాయి ఈ మాట అడగడం పొద్దుట్నుంచి ఇది ఆరోసారి. తల్లి జవాబు చెప్పకపోవడం కూడా ఆరోసారే. ఆవిడ కాలి కింద కుట్టుమిషను మాత్రం గడగడమని ఏదో ఒకటి చెబుతూనే ఉంది.

నిన్న సాయంత్రం ఆస్పత్రిలో మత్తు డాక్టరు ఇచ్చిన కాగితం అది. కాన్పు నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే ఇంజెక్షనుకు ఒప్పుకుంటున్నట్టు దాని మీద సంతకం చెయ్యాలి. అమ్మాయి దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన గ్లాసు బోర్లించి పడుకుంది. తెల్లారేసరికి గ్లాసు ఉంది, కాగితం లేదు. నిండు నెలల కడుపు మోసుకుంటూ ఇల్లంతా వెతికి, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాక గానీ దొంగ ఇంట్లోనే ఉన్న సంగతి ఆ లెక్కల టీచరు బుర్రకు తట్టలేదు.

"అమ్మా, నిన్నే."

"ఇంకా తొమ్మిది గౌన్లున్నాయి. సోమవారానికి ఇవ్వాలి. నన్ను కదిలించకు."

వీధిలో ఆవిడని గౌన్లమ్మ అంటారు. ప్రసూతి ఆస్పత్రిలో పేషెంట్లు వేసుకునే గౌన్లు, వెనక ముడివేసుకునే ఆ ఆకుపచ్చ గౌన్లు, ఇరవై ఏళ్ళుగా ఆవిడే కుట్టి ఇస్తోంది. అసలు పేరు తెలిసినవాళ్ళు వీధిలో ముగ్గురుంటే ఎక్కువ.

అల్లుడు భుజానికి సంచీ తగిలించుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాడు. బస్సు కండక్టరు. రోజుకి నలభై తగాదాలు తీర్చే మనిషి. ఇంట్లో మాత్రం అడకత్తెరలో పోకచెక్క.

"ఇచ్చెయ్యండి అత్తయ్యా. కాగితమే కదా. సంతకం పెట్టాక మళ్ళీ మీరే దాచుకుందురుగాని."

"నువ్వు డ్యూటీకి పో నాయనా. బస్సు వెళ్ళిపోతుంది."

"నేను విజిల్ ఊదందే ఎక్కడికి వెళ్తుందండీ," అంటూనే అతను సంచీ తీసి కింద పెట్టాడు. ఇవ్వాళ ఈ ఇల్లు వదిలి వెళ్ళడం మంచిది కాదని అతనికి తెలిసిపోయింది.

అమ్మాయికి ఓపిక అయిపోయింది.

"నువ్వు మాత్రం హాయిగా నిద్రలో కన్నావు. కాదంటావా? పెద్దమ్మేమో మూడు రోజులు అరిచి అరిచి కంది. నువ్వు ఇంజెక్షను చేయించుకుని పడుకున్నావు, లేచేసరికి ఉయ్యాల్లో నేనున్నాను. వీధి వీధంతా చెప్పుకుంటుంది. నీకొక న్యాయం, నాకొక న్యాయమా?"

మిషను ఆగిపోయింది.

"నొప్పులు పడమని నేనన్లేదు," అంది గౌన్లమ్మ.

"మరి?"

"ఆ మందు వద్దన్నాను."

"ఎందుకు వద్దు? అదైనా చెప్పు."

గౌన్లమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఎవరేం చెప్పగలరు? అల్లుడు నీళ్ళ గ్లాసు తెచ్చి భార్య చేతికిచ్చాడు. ఆమె తాగలేదు. నడుం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెల్లవారుజాము నుంచీ నడుం లాగుతోంది. కోపంలో ఎవరికీ చెప్పలేదు.

కళ్ళు తెరిచాక ఆమె గొంతు తగ్గింది. అరుపుల కంటే అదే భయంగా ఉంది.

"పుట్టినరోజుకి ఏటా అడిగేదాన్ని, గుర్తుందా? నేను ఎలా పుట్టానో చెప్పమని. ఒక ఏడాది వాన పడుతోందనేదానివి. ఇంకో ఏడాది ఎండలు మండిపోతున్నాయనేదానివి. ఓసారి మూడుసార్లు ఏడ్చానన్నావు, ఓసారి అసలు ఏడవనే లేదన్నావు. పదేళ్ళప్పుడే తెలిసిపోయింది అన్నీ నువ్వు కల్పిస్తున్నావని."

గౌన్లమ్మ చేతిలో గుడ్డ నలిగింది. "తెలిసీ ఎందుకు నిలదీయలేదే?"

"చెప్పేటప్పుడు నీ మొహం చూశాను కాబట్టి."

ఇంక ఆ గదిలో కూర్చోవడం గౌన్లమ్మ వల్ల కాలేదు. ఇన్నేళ్ళూ పిల్లని తను మభ్యపెడుతున్నాననుకుంది. పిల్లే తనని కాపాడుకొచ్చింది. లేచి గుమ్మం దగ్గరున్న చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికండీ?" అన్నాడు అల్లుడు.

"దారం అయిపోయింది."

మిషను మీద నిండు ఉండ తెల్లగా కనిపిస్తూనే ఉంది. ముగ్గురూ దానివైపు చూశారు.

*

గౌన్లు కుట్టేవాళ్ళకి ఊళ్ళో పనికేం కొదవ? స్కూలు యూనిఫారాలున్నాయి, తలుపు తెరలున్నాయి, దిండు గలీబులున్నాయి. ఏరికోరి ఆ ఆస్పత్రి పనే పట్టుకుని ఎందుకు వేలాడుతోందో ఆవిడ భర్తకి కూడా పోయేదాకా తెలియలేదు. ప్రతి సోమవారం మూట పట్టుకుని కాన్పుల వార్డు తలుపు దాకా వెళ్తుంది. అప్పుడప్పుడూ ఆ తలుపు ఊగి తెరుచుకుంటుంది. లోపల్నించి పసిపిల్ల కేరుమంటుంది. గౌన్లమ్మ అక్కడే నిలబడిపోతుంది. "సంతకం అయిందిగా, ఇంకేంటి?" అని ఆయా కసిరితే గానీ కదలదు.

ఆ తలుపు వెనకే, ఇరవై ఏడేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం పోగొట్టుకుంది. పోయినవాళ్ళ మీద బెంగ పెట్టుకోవడం లోకంలో ఉన్నదే. చూడని పూట మీద బెంగ పెట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటారు? నలుగురాడవాళ్ళు చేరితే తిరిగి తిరిగి మాట కాన్పుల దగ్గరికే వస్తుంది. ఎవరి నొప్పులు ఎంతసేపు, ఎవరు డాక్టరు చెయ్యి కొరికారు, ఎవరు మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. చివర్లో అందరూ ఈవిడ వైపు తిరిగి, "నీకేం తల్లీ, అదృష్టవంతురాలివి!" అంటారు. ఈవిడ నవ్వుతుంది. కడుపులో మాత్రం వాళ్ళ మీద అసూయతో ఉడికిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది పెద్దనర్సు ఒక్కతే. ఇస్త్రీ షాపు మీద గదిలో ఉంటుంది. గౌన్లమ్మ ఇదివరకు రెండుసార్లు ఆ మెట్లెక్కింది. రెండుసార్లూ సగంలో దిగిపోయింది. ఇవాళ ఆగలేదు.

"రా, రా," అంది పెద్దనర్సు తలుపు తీసి. ఎనభై దాటినా మనిషి నిటారుగా ఉంది. "రెండుసార్లు వెనక్కి పోయావు, కిటికీలోంచి చూశాను. మూడోసారి వస్తావా రావా అని నాతో నేనే పందెం కాసుకున్నాను."

"మీకు నేను గుర్తున్నానా సిస్టరమ్మా?"

"పొద్దున ఏం తిన్నానంటే చెప్పలేను. ఆ వార్డులో ఏ మంచం కాలు ఊగేదో అడుగు, చెప్తా. నీది కిటికీ పక్క గది. ఆ నిద్ర ఇంజెక్షను నువ్వే అడిగి చేయించుకున్నావు."

"నేనే అడిగాను." గౌన్లమ్మ తల దించుకుంది. "మా అక్క పడ్డ బాధ కళ్ళారా చూశాను. భయపడ్డాను."

"తప్పేముంది? అందరూ అడిగేవాళ్ళు. నేను పనిలో చేరిన కొత్తలో మా పెద్దసిస్టరు క్లోరోఫారం ఇచ్చేది. మడతపెట్టిన గుడ్డ ముక్కు మీద పెట్టి నాలుగు చుక్కలు. చుక్క ఎక్కువైతే మనిషి పోతుంది, తక్కువైతే లేచి కూర్చుంటుంది. అంతకుముందు అదీ లేదు, పళ్ళ మధ్య గుడ్డ కుక్కడమే. ఆడదానికి నొప్పి రాసిపెట్టి ఉంది, తీసెయ్యడానికి మీరెవరని పెద్దమనుషులు పోట్లాటకి కూడా వచ్చారట. వాళ్ళలో ఒక్కడు కని ఉంటే ఆ మాట అనేవాడు కాదు. తర్వాత ఈ నిద్ర ఇంజెక్షను వచ్చింది. మాక్కావాలంటే మాక్కావాలని ఆడవాళ్ళే మీటింగులు పెట్టి, ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారు."

"మరి దాన్ని ఎందుకు ఆపేశారు?"

"పిల్లలు మత్తుగా పుట్టేవాళ్ళు. ఏడిపించడానికి మా తల ప్రాణం తోకకొచ్చేది. వచ్చినప్పుడు దేవుడన్నారు, పోయేటప్పుడు దెయ్యమన్నారు. మందులన్నిటి కథా అంతేనమ్మాయ్."

"మా పిల్లకి ఇప్పుడు వెన్నులో ఇస్తామంటున్నారు. నేను కాగితం దాచేశాను. అదీ నాలాగే బిడ్డని చూసుకోకుండా పోతుందేమోనని."

పెద్దనర్సు నెత్తి కొట్టుకుంది. "అయ్యో పిచ్చిదానా! అది వేరు, ఇది వేరు. ఇది నడుం కిందకే. తల తలలాగే ఉంటుంది. కాస్త వణుకొస్తుందేమో, ఒంట్లో నీరసంగా ఉంటుందేమో, వాళ్ళు చూసుకుంటారు. బిడ్డని చూస్తుంది, గుర్తూ పెట్టుకుంటుంది. వెళ్ళి ఆ కాగితం ఇచ్చెయ్. నీ భయం తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టకు."

గౌన్లమ్మకి గుండెల మీద బరువు దిగినట్టయింది. లేచి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు.

"పోనీలెండి. నాకు నొప్పయినా తప్పింది," అంది.

కింద షాపులో ఎవరో బట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ పాట పాడుకుంటున్నారు.

"నొప్పి లేదని నీకెవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు. డాక్టరుగారు, మా ఆయన. మీరూ చెప్పారు."

"చెప్పాను. నిజమే." ముసలావిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నొప్పి ఉండేదమ్మాయ్. నొప్పి తగ్గించే మందు అందులో కొంచెమే. మిగతాదంతా మర్చిపోవడానికి. నువ్వు ఐదు గంటలు అరిచావు. నీ అరుపులు నీకే వినపడి మెలకువ రాకూడదని చెవుల్లో నూనె దూది పెట్టాం. కళ్ళకి గుడ్డ కట్టాం. కొట్టుకుంటున్నావని చేతులకి పట్టీలు వేశాం. తోలు పట్టీలు. మణికట్లు ఒరుసుకోకుండా లోపల ఉన్ని వేసి నేనే కుట్టాను."

గౌన్లమ్మ తన మణికట్లు చూసుకుంది. అక్కడ ఏ మచ్చా లేదు. "మిషను కుట్టా, చేతికుట్టా?" అని అడిగింది.

"చేతికుట్టే."

"దగ్గర దగ్గరగా వేశారా?"

"వేశానమ్మా. నీకు గుచ్చుకోకూడదని వేశాను."

అప్పుడు ఏడుపొచ్చింది గౌన్లమ్మకి. నొప్పిని తలుచుకుని కాదు. నొప్పీ పడింది, బిడ్డనీ చూసుకోలేదు. రెండిట్లో ఒక్కటైనా తనకి మిగల్లేదు.

"మీతో చెప్తున్నాను సిస్టరమ్మా, ఇంకెవరికీ చెప్పలేదు. మొదటి నెలంతా, ఇది నా పిల్లేనా అని అనుమానం. పాలిస్తూ మొహం చూసేదాన్ని, కొత్తగా ఉండేది. తర్వాత ప్రాణమైపోయింది, అది వేరు సంగతి. కానీ నాకు ఆ గంట కావాలి. ఇరవై ఏడేళ్ళుగా కావాలి. ఎంత ఏడ్చింది, ఎటు చూసింది, ముందు ఎవరెత్తుకున్నారు? అది చెప్పండి చాలు."

"ముందా? నువ్వే."

"నేనా?"

"డాక్టరుగారు అటు వెళ్ళగానే పట్టీలు విప్పేశాను. కళ్ళగుడ్డ తీసి, బిడ్డని నీ గుండెల మీద పెట్టాను. చూశావు. ముక్కు పట్టుకుని చూశావు, చెవి మడిచి చూశావు. కొట్లో గుడ్డ బేరం చేస్తున్నట్టు చూశావు. నాకు నవ్వొచ్చింది. 'వచ్చేశావటే, ఎంతసేపట్నించి చూస్తున్నానే నీ కోసం' అన్నావు. ఒకటికి పదిసార్లు అదే మాట. కాసేపు నీ దగ్గరే ఉంది."

గౌన్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే చూశాను."

"చూశావు."

"మాట్లాడాను దాంతో."

"మాట్లాడావు. ఇంక లే, ఇంటికెళ్ళు." అని పెద్దనర్సే మళ్ళీ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు. ఇంకోటుంది. ఇన్నాళ్ళూ కక్కలేక మింగలేక ఉన్నాను. విననంటే వెళ్ళిపో, ఏమనుకోను."

"చెప్పండి."

"ఆ ఇంజెక్షనుకి ఒక పద్ధతుండేది. మందు సరిపోయిందో లేదో తెలియాలిగా. ఏదో ఒక వస్తువు చూపించాలి, చెంచానో, దువ్వెనో. అరగంట పోయాక అదే మళ్ళీ చూపించి, ఇదివరకు చూశావా అని అడగాలి. చూశానంటే మందు చాలలేదన్నమాట. చూడలేదంటే సరిపోయినట్టు. నీకు అలా నాలుగుసార్లు దువ్వెన చూపించాను. ఐదోసారి ఆ దువ్వెన ఎక్కడో పడిపోయింది. నా చేతుల్లో బిడ్డ ఉంది."

గౌన్లమ్మకి అర్థమైపోయింది. అయినా ఆ మాట చెవిన పడాలి.

"అడిగారా?"

"అడిగాను. ఈ బిడ్డని ఇదివరకు చూశావా అమ్మాయ్ అని."

"నేనేమన్నాను?"

"లేదన్నావు. 'ఎవరి పిల్ల సిస్టర్, బాగుంది' అన్నావు." పెద్దనర్సు కళ్ళు కిటికీ వైపు తిప్పుకుంది. "మందు బాగా పనిచేసిందని కాగితం మీద రాశాను. మళ్ళీ ఇంకెవరికీ బిడ్డని చూపించి అడగలేదు."

*

"దారం దొరికిందా అత్తయ్యా?"

"దొరికింది."

అల్లుడు ఆవిడ ఖాళీ చేతులు చూసి పక్కకి జరిగాడు. గౌన్లమ్మ తిన్నగా మిషను దగ్గరికెళ్ళి, కుట్టి మడతపెట్టిన గౌన్ల దొంతరలో నాలుగో గౌను విప్పింది. కాగితం తీసి అమ్మాయి ఒళ్ళో పెట్టింది.

"సంతకం పెట్టు. ఇది మంచి మందేనట. పెద్దనర్సుని అడిగొచ్చాను. పొరపాటు నాదే."

అమ్మాయి కాగితం వైపు చూడలేదు. "పెద్దనర్సు అంటే, నేను పుట్టినప్పుడున్న ఆవిడా?"

"ఆఁ."

"ఏం చెప్పింది?"

గౌన్లమ్మ నేల మీద కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. చెప్పింది. ఐదు గంటల అరుపులు, చెవుల్లో దూది, ఉన్ని పట్టీలు, దువ్వెన. బిడ్డని గుండెల మీద పెట్టడం, ముక్కు పట్టుకుని చూడడం. 'వచ్చేశావటే' అన్న మాట దగ్గర ఆగి, దాన్ని రెండుసార్లు చెప్పింది. ఈసారి వాన లేదు, ఎండ లేదు. కల్పించింది ఒక్కటీ లేదు.

అమ్మాయి వింటూ వింటూ తల్లి తల మీద చెయ్యి వేసింది. పొద్దుటి కోపం ఎటుపోయిందో పోయింది. అల్లుడు గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"అంతసేపు చూసి, ఆ తర్వాత?" అంది అమ్మాయి.

"తర్వాత నిద్రపోయాను."

"పుట్టాక కూడా ఏదో ఒకటి చూపించి అడిగి ఉంటారుగా, పద్ధతి అన్నావు. అప్పుడేం చూపించారు?"

"దువ్వెనే."

తల మీద చెయ్యి కదలకుండా ఆగింది. నలభైమంది పిల్లల్లో పక్కవాడి పలకలో చూసి రాసినవాణ్ణి మొహం చూసి పట్టేసే మనిషి ఆమె. కానీ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. కలం తీసుకుని సంతకం పెట్టింది. కాగితం మొగుడి చేతికిచ్చింది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, అలాగే ఆగిపోయింది.

"అమ్మా, నీళ్ళు పోతున్నాయి."

*

"ఇవాళ సోమవారం కాదుగా గౌన్లమ్మా?" అంది వార్డు తలుపు దగ్గర ఆయా. వెనక కుర్చీబండిలో పళ్ళు బిగబట్టిన అమ్మాయిని చూశాక తలుపు బార్లా తీసింది. "లోపలికి పేషెంటుతో ఒక్కరే. మొగుడా, తల్లా?"

గౌన్లమ్మ వెనక్కి జరిగింది. ఇరవై ఏళ్ళుగా ఆ తలుపు అవతలకి వెళ్ళాలని ఆవిడ పడ్డ తపన అంతా ఇంతా కాదు. అయినా ఈ పూట తనది కాదు, వాళ్ళిద్దరిది. "నువ్వెళ్ళు నాయనా," అంది.

అల్లుడు భార్యని చూశాడు. భార్య తల్లిని చూసింది.

"అమ్మ రానీ," అంది అమ్మాయి.

"వెళ్ళండత్తయ్యా. ఫుట్‌బోర్డు మీద నిలబడడం నాకు అలవాటే," అన్నాడతను నవ్వబోతూ. నవ్వు సరిగ్గా రాలేదు. రుమాలుతో మొహం తుడుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల ఆవిడకీ ఒక గౌను ఇచ్చారు. తను కుట్టిందే. ముళ్ళు వెయ్యడానికి నర్సు వెనక్కి తిరగమంటే, తిరుగుతూ అంచు కుట్టు వేళ్ళతో తడిమి చూసుకుంది.

మత్తు డాక్టరు చిన్నపిల్ల, అమ్మాయి ఈడే ఉంటుంది. అమ్మాయిని మంచం అంచున ముందుకి వంచి కూర్చోబెట్టింది. అమ్మాయి తల్లి భుజంలో తల దూర్చి, నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి నలిపేసింది. సూది వెళ్ళింది. సన్నటి గొట్టం అతికించారు. ఓ పావుగంట గడిచేసరికి ఆ మొహంలో బిగువు సడలింది.

"కాళ్ళు నావి కావన్నట్టున్నాయి," అంది అమ్మాయి. "నువ్వు మాత్రం బాగానే కనపడుతున్నావు. గౌను కుట్టు కూడా కనపడుతోంది. కంగారుపడకు, అన్నీ గుర్తుంటున్నాయి."

గౌన్లమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. స్కూలు సంగతులు, పోయిన నాన్న సంగతులు, పెద్దమ్మ సంగతులు. తల్లీ కూతురూ అంత తీరిగ్గా కూర్చుని ఎన్నేళ్ళయిందో!

కిటికీలో వెలుగు తగ్గుతుండగా నర్సు పరీక్ష చేసి, "ఇంకెంతోసేపు పట్టదు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా."

"ఏం తల్లీ?"

"చివరిసారి దువ్వెన కాదు కదా?"

గౌన్లమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని మడిచింది, మళ్ళీ విప్పింది.

"నన్నే చూపించి అడిగారు కదా? ఏమన్నావు?"

చూశానన్నాను అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇరవై ఏడేళ్ళుగా చెప్పిన కథలు చాలు. ఈ గదిలో కూడా అబద్ధమే చెబితే, ఇంక నిజం చెప్పుకోవడానికి తనకి చోటే ఉండదు.

"లేదన్నాను. చూడలేదన్నాను. ఎవరి పిల్ల అని అడిగాను."

అమ్మాయి పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది. తల గోడవైపు తిప్పేసుకుంది. కంటి చివర్నించి నీళ్ళు జారి జుట్టులోకి పోయాయి. అది కోపమో బాధో గౌన్లమ్మకి తెలియలేదు. తుడుద్దామని చెయ్యి ఎత్తి, ధైర్యం చాలక దించేసుకుంది. మందుదేనే తప్పు, నాది కాదే అని చెబుదామనుకుంది. అంతలో నర్సు వచ్చింది, వెనకే కాన్పు డాక్టరూ వచ్చింది.

"తల కనపడుతోంది. నొప్పి తెలియకపోయినా నేను చెప్పినప్పుడు ముక్కాలి. ఆఁ, ఇప్పుడు!" అంది డాక్టరు.

అమ్మాయి గోడకేసి చూస్తూనే ముక్కింది. ఇంకోసారి ముక్కింది. మెడ నరాలు ఉబ్బాయి. తల మాత్రం ఇటు తిరగలేదు.

"ఇంకొక్కసారి. శభాష్, శభాష్."

ఏదో జారిన చప్పుడు. క్షణం పాటు ఏమీ లేదు. తర్వాత ఒక గొంతు, కొత్తగా, గట్టిగా, గది గదంతా నిండిపోయేలా ఏడ్చింది.

"ఆడపిల్ల!" అంది నర్సు రెండు చేతులతో పైకెత్తి.

గౌన్లమ్మ బతుకంతా ఈ ఒక్క క్షణం కోసమే మొహం వాచి ఉంది. తల ఎత్తితే చాలు, ఎదురుగా ఉంది. ఎత్తలేదు. ఆవిడ చూపంతా గోడవైపు తిరిగి ఉన్న కూతురి చెవి మీదే ఉంది. మంచం మీదకి వంగి, ఆ చెవిలో చెప్పింది.

"ఇటు తిరగవే. నా మీద కోపం రేపు పడుదువుగాని, ఎల్లుండి పడుదువుగాని, బతికున్నన్నాళ్ళూ పడుదువుగాని. నా మొహం చూడొద్దు, నాతో మాట్లాడొద్దు. దాన్ని చూడు తల్లీ. నువ్వు చూసేదాకా నేను చూడను."

నర్సు బిడ్డని చేతుల్లో పట్టుకుని ఒకరి నుంచి ఒకరి వైపు చూస్తూ నిలబడింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది. గోడవైపున్న తల ఇంకా కదలలేదు.